గ్యాస్ పైపు తెగింది, మంట రాలేదు: ఎవరు ఎవరికి చెప్పి తీరాలి?

బెజవాడ_అసోసియేషన్

విజయవాడలో 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వంటిళ్లకు పైపు గ్యాస్ ఉంది. మంగళవారం పొద్దున పదిన్నరకి గేటు ముందు కేబుల్ కోసం జేసీబీతో తవ్వుతుంటే బకెట్ పన్ను గ్యాస్ పైపుకి తగిలింది. నారింజ రంగు ప్లాస్టిక్ పైపు, మీద 63 అని ముద్ర ఉంది. బుస్సుమని చప్పుడు, ముక్కు పగిలే వాసన. కాంట్రాక్టర్ మనుషులు దాని మీద రెండు బకెట్ల మట్టి పోసి మిషన్ తీసుకుని వెళ్లిపోయారు. వాచ్‌మన్ మీటరు దగ్గరున్న ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేశాడు. గ్యాస్ కంపెనీ వాళ్లు వచ్చి ఆపేసరికి దాదాపు 40 నిమిషాలు పట్టింది. సాయంత్రానికి ముక్క మార్చి సరఫరా ఇచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు.

తెలియాల్సినవి ఇవి:

1. "మంట రాలేదు కదండీ, ఇది రిపోర్ట్ చేసే కేసు కాదు" అని వచ్చిన సూపర్‌వైజర్ అన్నాడు. నిజమేనా?
2. అసోసియేషన్‌కి చట్టప్రకారం ఎవరికైనా తెలపాల్సిన బాధ్యత ఉందా? ఫోన్ చేశాం కాబట్టి మన పని అయిపోయిందని కమిటీలో సగంమంది అంటున్నారు.
3. మట్టి కప్పేసి వెళ్లిపోయిన కాంట్రాక్టర్ సంగతేంటి?
4. రెండు రోజులైనా సెల్లార్‌లో లిఫ్ట్ గుంట దగ్గర తెల్లవారుజామున కొద్దిగా వాసన వస్తోంది. డ్రైనేజీ అని కొందరు, గ్యాస్ అని కొందరు.

సేఫ్టీ_గోదావరి

ముందు నాలుగో ప్రశ్నకి జవాబు, ఎందుకంటే మిగతావి రేపు చూసుకున్నా ఫర్వాలేదు, ఇది ఇప్పుడే చూడాలి. ఈ పోస్టు చదవగానే కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి మళ్లీ ఫోన్ చేయండి. "సెల్లార్‌లో గ్యాస్ వాసన" అని ఆ మాటలతోనే చెప్పండి. "డ్రైనేజీ వాసన కావచ్చు" అని మీరే తేల్చి చెప్పొద్దు. తేల్చాల్సింది డిటెక్టర్ పట్టుకొచ్చిన మనిషి. ఫిర్యాదు నంబరు, మాట్లాడిన సమయం రాసిపెట్టుకోండి. వాళ్లు వచ్చేదాకా సెల్లార్‌లో లైటు స్విచ్ గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ వేయకండి, వేసి ఉన్నది ఆపకండి కూడా. రెండింటికీ నిప్పురవ్వ ఒకటే. లిఫ్టుకి కరెంటు తీయాలంటే సెల్లార్ బయట, వాసన లేనిచోట ఉన్న మెయిన్ దగ్గర తీయాలి. ర్యాంపు తలుపులు బార్లా తెరవండి. బండ్లు స్టార్ట్ చేయనివ్వకండి.

ఇక బాధ్యతల సంగతి. ఇక్కడ చాలామంది కలిపేసే రెండు పనులున్నాయి. లీకు గురించి చెప్పడం ఒకటి, సంఘటన గురించి నియంత్రణ సంస్థకి నివేదించడం ఇంకొకటి. మొదటిది చూసిన ప్రతివాళ్లదీ. రెండోది పైపు ఎవరిదో వాళ్లది.

పట్టణ గ్యాస్ పంపిణీకి నియంత్రణ సంస్థ పెట్రోలియం అండ్ నేచురల్ గ్యాస్ రెగ్యులేటరీ బోర్డు, అంటే పీఎన్‌జీఆర్‌బీ. 2006 చట్టం కింద ఏర్పడింది. మీ సందర్భానికి ఆ బోర్డు తెచ్చిన రెండు నిబంధనలు ముఖ్యం. పంపిణీ వలయాల సాంకేతిక, భద్రతా ప్రమాణాల నిబంధనలు 2008లో వచ్చాయి, అత్యవసర స్పందన, విపత్తు నిర్వహణ ప్రణాళిక నిబంధనలు 2010లో వచ్చాయి. రెండోదాన్ని పనిలో ఉన్నవాళ్లు ఈఆర్‌డీఎంపీ అంటారు. అందులో అత్యవసరాలకి మూడు స్థాయిలు. సొంత మనుషులు, సామగ్రితో కంపెనీయే అదుపు చేయగలిగితే మొదటి స్థాయి. పక్క సంస్థలు, అగ్నిమాపక దళం లాంటి బయటి సాయం కావాల్సి వస్తే రెండోది. జిల్లా యంత్రాంగం దిగాల్సినంత పెద్దదైతే మూడోది.

దీనికి తోడు సంఘటనలని పెద్దవి, చిన్నవి, తృటిలో తప్పినవి అని విడదీస్తారు. 15 నిమిషాలకి మించిన మంట, పేలుడు లేదా బ్లోఅవుట్ (అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మడం), ప్రాణనష్టం, మొత్తం 500 పనిగంటలకి మించిన నష్టం, ప్లాంటు ఆగిపోవడం, మూడో స్థాయి అత్యవసరం: వీటిలో ఏ ఒక్కటున్నా పెద్ద సంఘటన. ఆర్థిక నష్టానికి కూడా ఒక పరిమితి ఉంది. పెద్ద సంఘటనైతే బోర్డుకి నిర్ణీత నమూనాలో 48 గంటల్లో ప్రాథమిక నివేదిక వెళ్లాలి, దర్యాప్తు చేసి తుది నివేదిక తర్వాత ఇవ్వాలి.

మీ సూపర్‌వైజర్ అన్నదాంట్లో నిజం ఎంతంటే, మంట, గాయం లేని 63 ఎంఎం పైపు తెగుడు మామూలుగా ఆ 48 గంటల ప్రాథమిక నివేదిక జాబితాలోకి రాదు. తప్పు ఎక్కడుందంటే, "రిపోర్ట్ చేసే కేసు కాదు" అన్న మాటలో. చిన్న సంఘటననీ, తృటిలో తప్పినదాన్నీ కూడా కంపెనీ తన రికార్డులో ఎక్కించాలి, కారణం వెతకాలి, మళ్లీ జరగకుండా ఏం చేసిందో రాయాలి. 40 నిమిషాలు జనం తిరిగే రోడ్డులో గ్యాస్ పోయిన సంఘటన ఆ పుస్తకంలో లేకపోతే అది కంపెనీ లోపమే. బోర్డు ఆదేశాలని, నిబంధనలని ఉల్లంఘిస్తే చట్టం 28వ సెక్షన్ కింద ఒక్కో ఉల్లంఘనకి కోటి రూపాయల దాకా, అలాగే కొనసాగిస్తే రోజుకి 10 లక్షల దాకా అదనంగా పౌర జరిమానా ఉంది.

రెండో ప్రశ్న. గ్యాస్ లీకయితే ఫలానా నియంత్రణ సంస్థకి నివాసితులే నివేదిక పంపాలన్న నిబంధన లేదు. కనెక్షన్ తీసుకునేటప్పుడు సంతకం పెట్టిన ఒప్పందాల్లో మాత్రం సాధారణంగా రెండు షరతులుంటాయి: లీకు తెలిసిన వెంటనే కంపెనీకి చెప్పాలి, కంపెనీ పైపు, మీటరు, రెగ్యులేటర్ మీద చేయి వేయకూడదు. మీ కాపీ తీసి చూడండి. ఫోన్ చేశారు కాబట్టి మంగళవారం లీకు వరకు మీ పని మీరు చేసినట్టే. సెల్లార్ వాసన మాత్రం కొత్త సమాచారం. దానికి కొత్త ఫోన్ కావాలి. తెలిసీ ఊరుకుని, రేపు అక్కడ ఏదైనా జరిగితే "అసోసియేషన్‌కి రెండు రోజులుగా తెలుసు" అన్న ఒక్క వాక్యం చాలు.

ఫ్యూజన్_జాయింట్

పైన చెప్పిన దానికి పైపు పని వైపు నుంచి కొన్ని.

ఆ నారింజ పైపు ఎండీపీఈ, అంటే మధ్యస్థ సాంద్రత పాలిథిలీన్. వీధుల్లో తిరిగే ఈ పైపుల్లో ఒత్తిడి 4 బార్ల దాకా ఉంటుంది. అక్కడినుంచి రెగ్యులేటర్లలో తగ్గి మీ పొయ్యి దగ్గరకి వచ్చేసరికి 21 మిల్లీబార్లు. వంటింట్లో లీకుకీ వీధి పైపు తెగుడుకీ తేడా ఇదే. 4 బార్ల మీద 10 మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి సుమారు 4 నుంచి 5 ఘనపు మీటర్ల గ్యాస్ పోతుంది. ఒత్తిడి పడిపోకుండా 40 నిమిషాలు పోతే 160 నుంచి 200 ఘనపు మీటర్లు. మామూలు కుటుంబం ఏడాది పాటు వండుకునేంత గ్యాస్ అది. కాబట్టి "కొంచెం లీకైంది" అన్న మాట రికార్డులోకి ఎక్కనివ్వకండి, రంధ్రం పరిమాణం, సమయం, ఒత్తిడి రాయమనండి.

మట్టి కప్పడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చెడ్డ పని. మీథేన్ గాలికంటే తేలిక, గాలితో పోలిస్తే దాదాపు 0.55 రెట్లు బరువు. గుంట తెరిచి ఉంటే పైకి లేచి చెదిరిపోతుంది. మట్టి పోస్తే, పైన సిమెంటు రోడ్డు ఉంటే, పైకి దారి లేక పక్కకి పాకుతుంది. కేబుల్ గొట్టాలు, డ్రైన్లు, పాత పైపు చుట్టూ వదులుగా ఉన్న ఇసుక దానికి రహదారి. అలా పాకుతూ వచ్చి గోడలోంచి కేబుల్ లోపలికొచ్చే రంధ్రం దగ్గర సెల్లార్లోకి దిగుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వాసన కోసం కలిపే మెర్కాప్టాన్‌ని మట్టి పీల్చుకుంటుంది. మట్టిలో చాలాదూరం నడిచి వచ్చిన గ్యాస్‌కి వాసన తగ్గిపోతుంది. అందుకే "వాసన కొంచెమే ఉంది" అంటే గ్యాస్ కొంచెమే ఉన్నట్టు కాదు.

వాసన ప్రమాణం ఎలా పెట్టారంటే, మీథేన్ గాలిలో 5 శాతం చేరితే అంటుకుంటుంది, 15 శాతం దాటితే గాలి చాలక అంటుకోదు. ఆ 5 శాతాన్ని ఎల్ఈఎల్ అంటారు. అందులో ఐదో వంతు, అంటే గాలిలో 1 శాతం గ్యాస్ ఉన్నప్పుడే మామూలు ముక్కుకి తెలియాలి. డిటెక్టర్ మీద 1 శాతం ఎల్ఈఎల్ అంటే 500 పీపీఎం (పది లక్షల వంతుల్లో 500 వంతులు) మీథేన్. వచ్చినవాళ్లు "సున్నా" అంటే ఏ కొలమానంలో సున్నా అని అడగండి. ఎల్ఈఎల్ స్కేలు మీద సున్నా చూపిస్తూనే పీపీఎం స్కేలు మీద రెండు మూడు వందలు చూపించవచ్చు.

సెల్లార్‌లో అడగాల్సిన పరీక్షలు ఇవి. కేబుల్ గొట్టాల మూతుల దగ్గర, లిఫ్ట్ గుంట అడుగున, లిఫ్ట్ షాఫ్ట్ పైకొసన, మూడు చోట్లా రీడింగ్. గేటు నుంచి గోడ దాకా బార్ హోల్ పరీక్ష: ఇనుప కడ్డీతో నేలలో రంధ్రాలు చేసి ఒక్కోదాంట్లో గొట్టం పెట్టి కొలవడం. రీడింగ్ ఎటు పెరుగుతోందో అటు గ్యాస్ మూలం. కడ్డీ దింపేముందు కరెంటు కేబుల్ ఎక్కడుందో చూసుకోవాలి. డ్రైనేజీనా గ్యాసా అన్న తగువు తీరాలంటే ఈథేన్ పరీక్ష ఉంది. మురుగులో పుట్టే గ్యాస్‌లోనూ మీథేన్ ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసనా ఉంటుంది, కానీ ఈథేన్ ఉండదు. భూమిలోంచి తీసిన సహజవాయువులో ఈథేన్ ఉంటుంది. నమూనాలో ఈథేన్ కనపడిందంటే వాదన అక్కడితో ఆగిపోతుంది.

తెల్లవారుజామునే వాసన రావడానికి కారణం గాలి కదలిక లేకపోవడం కావచ్చు. రాత్రంతా తలుపులు మూసి ఉన్నాక ఉదయం తెరవకముందు రీడింగ్ తీయమనండి. మధ్యాహ్నం వచ్చి కొలిస్తే ఏమీ కనపడదు.

మరమ్మతు గురించి కూడా ఒక మాట. తెగిన పైపుని అటూ ఇటూ నొక్కి ఆపుతారు, దాన్ని స్క్వీజ్ ఆఫ్ అంటారు. నొక్కిన చోటు జాయింటుకి కనీసం పైపు వ్యాసానికి మూడు రెట్లు లేదా 30 సెంటీమీటర్లు, ఏది ఎక్కువైతే అంత దూరంలో ఉండాలి. ఒకసారి నొక్కిన చోట రెండోసారి నొక్కకూడదు, అందుకే గుర్తు పెట్టాలి. ప్లాస్టిక్ పైపులోంచి గ్యాస్ వేగంగా పోతుంటే పైపు మీద స్థిరవిద్యుత్ చేరుతుంది, తడిగుడ్డ చుట్టి దాని కొస నేలకి తగిలేలా ఉంచి పనిచేయాలి, లేకపోతే దాని రవ్వే అంటించగలదు. కొత్త ముక్కని ఎలక్ట్రోఫ్యూజన్ కప్లర్‌తో, అంటే కరెంటుతో వేడెక్కి పైపుకి కరిగి అతుక్కునే తొడుగుతో, అతుకుతారు. పైపు పైపొర గీకకుండా అతికినా, కప్లర్ మీద రాసి ఉన్న చల్లారే సమయం పూర్తికాకముందే క్లాంపు విప్పినా ఆ రోజుకి పట్టుకుంటుంది, తర్వాత కారుతుంది. మీ సెల్లార్ వాసనకి మంగళవారం మట్టిలో ఇరుక్కున్న గ్యాస్ కారణమైతే అది తగ్గుతూ పోవాలి. తగ్గకపోతే కొత్త జాయింటుని, లేదా బకెట్ లాగినప్పుడు పైపు కొన్ని మీటర్ల అవతల ఊడిన ఇంకో జాయింటుని అనుమానించాలి. జేసీబీ లాగిన పైపు తెగినచోటే కాదు, దూరంగా కూడా దెబ్బతింటుంది. ఇది చాలామంది వదిలేస్తారు.

కోనసీమ_గట్టు

పై జవాబులు పట్టణ పైపులకి సరిపోతాయి. మన తీరంలో ఇదే ప్రశ్న వేస్తే జవాబు మారిపోతుంది, ఎందుకంటే గ్యాస్ ఎక్కడ కారిందన్న దాన్ని బట్టి అధికారి మారతాడు.

బావి దగ్గరైతే భూమి మీద చమురు, గ్యాస్ గనుల భద్రత డీజీఎంఎస్‌ది (కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్), ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ 2017 కింద. సముద్రంలో అయితే 2008 ఆఫ్‌షోర్ భద్రతా నియమాల కింద ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్). రాష్ట్రాల మీదుగా పోయే ట్రంక్ లైను పీఎన్‌జీఆర్‌బీ. సీఎన్‌జీ బంకులో సిలిండర్లు, కాస్కేడ్ (కలిపి బిగించిన సిలిండర్ల వరస) దగ్గరైతే 2016 గ్యాస్ సిలిండర్ నియమాల కింద పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ). అక్కడ ప్రమాదం జరిగితే పెసో చీఫ్ కంట్రోలర్‌కి, జిల్లా మెజిస్ట్రేట్‌కి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెంటనే కబురు వెళ్లాలి, వివరాలతో ఉత్తరం 24 గంటల్లో వెళ్లాలి, క్షతగాత్రుల్ని తీయడానికి తప్ప శిథిలాలు కదపకూడదు. ప్రమాదకర రసాయనాల 1989 నియమాలు వర్తించే స్థలంలోగానీ పైపులైనులోగానీ పెద్ద ప్రమాదం జరిగితే 48 గంటల్లో సంబంధిత అధికారికి తెలపడం విడిగా ఉండనే ఉంది. ఒకరికి చెప్పాం కాబట్టి ఇంకొకరికి అక్కర్లేదన్నది ఏ చట్టంలోనూ లేదు. ఊళ్లోవాళ్లకి ఈ లెక్కంతా అవసరం లేదు, పైపు మీద రాసి ఉన్న నంబరు, 112 చాలు. కానీ పైపు నడిపే ఆపరేటర్‌కి మాత్రం ఈ పట్టిక కంఠస్థం రావాలి.

1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ రెండు నెలలకి పైగా మండింది. అంతటిది జరిగితే చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు, జిల్లా అంతా కనపడింది. ప్రాణాలు తీసేవి కనపడని లీకులు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ 18 అంగుళాల తాటిపాక లైను పగిలి గ్యాస్ ఊరి మీద పరుచుకుని అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌లోంచి దిగే పెట్రోలు లాంటి ద్రవం) కలిసిన తడి గ్యాస్ నడిచిందని, లోపలి తుప్పు పైపుని తినేసిందని దర్యాప్తు చెప్పింది. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉండి నీరు తోడైతే ఆమ్లమవుతుంది. పైపు అడుగుభాగాన నీరు నిలిచే చోట తుప్పు గుంటలు పడతాయి. అలాంటి లైనులో మొదట పడేవి సూదిబెజ్జాలు. అవి కారినప్పుడు క్లాంపు వేసి వదిలేయడమా, ఎందుకు కారిందో తవ్వి రాసి పైకి పంపడమా అన్నదగ్గరే నివేదిక విలువ తెలుస్తుంది. ఒకే లైను మీద మూడు క్లాంపులుంటే అవి మూడు చిన్న లీకులు కావు, ఒక పెద్ద జబ్బుకి మూడు లక్షణాలు. ఎవరూ వాటిని ఒక కాగితం మీదకి తేకపోతే ఆ జబ్బు ఎవరికీ కనపడదు.

ట్రంక్ లైన్ల గ్యాస్‌కి సాధారణంగా వాసన కలపరు, పట్టణ స్టేషన్ దగ్గరే కలుపుతారు. కాబట్టి పొలంలో వాసన కోసం చూడకండి. నీళ్లున్న వరిమడిలో, కాలవలో ఆగకుండా బుడగలు, పచ్చటి గట్టు మీద ఒకే చోట గడ్డి ఎండిపోవడం, ఈల లాంటి చప్పుడు, మట్టి ఎగరడం: వీటికోసం చూడాలి. కండెన్సేట్ ఉంటే పెట్రోలు వాసన రావచ్చు. గాలికి ఎదురు దిశలో నడిచి దూరం వెళ్లాక ఫోన్ చేయండి, బండి అక్కడే వదిలేయండి. లైను వెంబడి నాటిన గుర్తు రాయి మీద కంపెనీ నంబరుతో పాటు కిలోమీటరు అంకె ఉంటుంది. ఆ అంకె చెబితే కంట్రోల్ రూమ్‌లో ఏ రెండు వాల్వుల మధ్యో వెంటనే తెలుస్తుంది. "గుడి వెనక చేలో" అంటే జీపు వెతుక్కుంటూ తిరగాలి. సూదిబెజ్జం లాంటి లీకుకి కంట్రోల్ రూమ్ తెర మీద ఒత్తిడి, ప్రవాహం మారినట్టు కనపడదు. ఆ లీకు సంగతి వాళ్లకి తెలిసేది చేలో ఉన్న మనిషి ఫోన్ చేస్తేనే.

బెజవాడ_అసోసియేషన్

అందరికీ కృతజ్ఞతలండి. ఫోన్ చేశాం, ఫిర్యాదు నంబరు తీసుకున్నాం. లిఫ్ట్ ఆపాం. రాత్రి మనిషి వచ్చి కేబుల్ గొట్టం మూతి దగ్గర 900 పీపీఎం చూపించాడు, షాఫ్ట్ పైన ఏమీ లేదు. మళ్లీ తెల్లవారుజామున వస్తామన్నారు. ఇప్పుడు రాతపూర్వకంగా ఇవ్వాలంటే ఎవరికి, ఏం రాయాలి?

సేఫ్టీ_గోదావరి

900 పీపీఎం అంటే ఎల్ఈఎల్‌లో 2 శాతానికి కొంచెం తక్కువ. ఈ క్షణాన అంటుకునే స్థాయి కాదు. కానీ భవనం లోపలికి దారి దొరికిన గ్యాస్ ఎంత తక్కువున్నా ఒక్కసారి కొలిచి వదిలేసే రీడింగ్ కాదు, పగలూ రాత్రీ ఆ గొట్టం దగ్గర కొలుస్తూ ఉండాల్సినది. మూలం దొరికేదాకా లిఫ్ట్ నడపకండి. గొట్టం మూతిని లోపలివైపు నుంచి తొందరపడి మూసేయకండి. ముందు బయట తవ్వి గ్యాస్‌కి పైకి దారి ఇవ్వాలి, లేకపోతే ఇంకో దారి వెతుక్కుంటుంది.

ఉత్తరం గ్యాస్ కంపెనీ స్థానిక అధికారికి రాయండి. ప్రతులు పీఎన్‌జీఆర్‌బీ కార్యదర్శికి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి అధ్యక్షుడైన కలెక్టర్‌కి, జిల్లా అగ్నిమాపక అధికారికి, రోడ్డు తవ్వకానికి అనుమతిచ్చిన నగరపాలక సంస్థ ఇంజినీరింగ్ విభాగానికి. ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టు కూడా. భాష సాదాగా ఉండాలి, నింద ఉండకూడదు. రెండు పేజీల ఆవేశం కంటే అర పేజీ సమయాలు ఎక్కువ పని చేస్తాయి:

తెగిన తేదీ, గంట, నిమిషం. మొదటి ఫోన్ వెళ్లిన సమయం, వాచ్‌మన్ ఫోన్‌లో కాల్ లాగ్ ఉంటుంది, దాని ఫొటో తీయండి. బృందం వచ్చిన సమయం, గ్యాస్ ఆగిన సమయం, సరఫరా మళ్లీ ఇచ్చిన సమయం. పైపు మీద ముద్ర, కనపడిన లోతు, పైన పసుపు హెచ్చరిక పట్టీ ఉందా లేదా. మట్టి కప్పిన విషయం, చూసినవాళ్లు ఎవరు. సెల్లార్ వాసన మొదలైన సమయం, రీడింగులు, ఎక్కడ తీశారు, ఏ స్కేలు, డిటెక్టర్ చివరిసారి క్యాలిబ్రేట్ అయిన తేదీ.

తర్వాత మూడు అడగండి. సంఘటన నమోదు సంఖ్య, ఏ వర్గంలో పెట్టారు. గ్యాస్ మట్టిలో ఎటు, ఎంతదాకా పాకిందో పూర్తిగా తేల్చిన సర్వే ఫలితం. మరమ్మతు తర్వాత ఒత్తిడి పరీక్ష రికార్డు. జవాబు రాకపోతే పీఎన్‌జీఆర్‌బీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 10 రూపాయలు, మామూలు గడువు 30 రోజులు. కంపెనీ ప్రైవేటుదైనా బోర్డు దగ్గరకి చేరిన కాగితాలు అడగవచ్చు. ప్రాణభద్రతకి సంబంధించినదని కారణం చూపి రాస్తే 48 గంటల నిబంధన కూడా కోరవచ్చు. ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం అధికారి ఇష్టం, కానీ మీ కారణం కాగితం మీద ఉండాలి.

కాంట్రాక్టర్ గురించి. ట్రంక్ లైన్లకి 1962 పైపులైన్ల చట్టం ఉంది, కావాలని పైపుకి నష్టం చేస్తే కఠినమైన జైలుశిక్ష. పట్టణ వీధి పైపులు సాధారణంగా నగరపాలక అనుమతితో వేసినవి, కాబట్టి కాంట్రాక్టర్‌ని ముందుగా పట్టేది తవ్వకం అనుమతిలోని షరతులు. అనుమతి పత్రం ప్రతి అడగండి. తగలడం పొరపాటు కావచ్చు. కప్పేసి వెళ్లడం పొరపాటు కాదు. మండే పదార్థం విషయంలో నిర్లక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్‌కి వచ్చే పని అది, పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. తవ్వేముందు కేబుల్, పైపుల యజమానులకి కబురు పంపడానికి 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన "కాల్ బిఫోర్ యూ డిగ్" యాప్ ఉంది. అందులో విచారణ పెట్టాడా అని కూడా నగరపాలక సంస్థని అడగమనండి.

హ్యూస్టన్_పైప్‌లైన్

అమెరికా నిబంధనతో పోల్చి ఒక విషయం చెబితే ఇక్కడ ఉపయోగపడుతుందనిపించింది. అమెరికాలో ఆపరేటర్ ఒక సంఘటనని నిర్ధారించుకున్న గంటలోపు జాతీయ స్పందన కేంద్రానికి తెలపాలి. 48 గంటల్లో ఆ సమాచారాన్ని సరిచేసో, ధ్రువపరిచో మళ్లీ చెప్పాలి. 30 రోజుల్లో లిఖిత నివేదిక. మరణం, ఆసుపత్రిలో చేర్చాల్సిన గాయం, నిర్ణీత డాలర్ల నష్టంతో పాటు ఇంకో కొలమానం ఉంది: 30 లక్షల ఘనపుటడుగుల గ్యాస్ అనుకోకుండా పోతే మంట లేకపోయినా, ఎవరికీ దెబ్బ తగలకపోయినా అది నివేదించాల్సిన సంఘటనే. అంటే మంటకీ నివేదికకీ ముడి పెట్టలేదు.

చెప్పడంలో ఆలస్యమే నేరమైన కేసు కాలిఫోర్నియాలోని అలిసో కెన్యన్. సదరన్ కాలిఫోర్నియా గ్యాస్ కంపెనీ భూగర్భ నిల్వలో ఎస్ఎస్-25 అనే బావి 2015 అక్టోబర్ 23న లీకు బయటపడింది, 2016 ఫిబ్రవరిలో గానీ మూయలేకపోయారు. దాదాపు లక్ష టన్నుల మీథేన్ గాలిలో కలిసింది, పోర్టర్ రాంచ్ నుంచి వేలకుటుంబాలు వెళ్లిపోయాయి. మంట రాలేదు. కంపెనీ మీద లాస్ ఏంజెలెస్ కౌంటీ పెట్టిన క్రిమినల్ అభియోగాల్లో నిలిచినది లీకు గురించి రాష్ట్ర అత్యవసర కార్యాలయానికి వెంటనే తెలపకపోవడం. మూడు రోజుల ఆలస్యం. 2016 సెప్టెంబర్‌లో కంపెనీ ఆ అభియోగాన్ని ఎదిరించకుండా 40 లక్షల డాలర్ల ఒప్పందానికి వచ్చింది. బావి ఎందుకు పగిలిందన్నది తేలడానికి 2019 దాకా పట్టింది, బయటి తుప్పు అని. కారణం తెలియకపోయినా చెప్పాల్సిన సమయం దాటిపోయిందన్నది మాత్రం ముందే తేలిపోయింది.

ఆపరేటర్లు ఎక్కడైనా చేసే తప్పు ఒకటే: "పూర్తిగా తెలిశాక చెబుదాం" అనుకోవడం. మొదటి కబురులో స్థలం, సమయం, గ్యాస్ ఇంకా పోతోందా, మనుషులకి ప్రమాదముందా, ఈ నాలుగే చాలు. మిగతావి తర్వాత సరిచేయవచ్చు.

ఫ్యూజన్_జాయింట్

సేఫ్టీ_గోదావరి గారు చెప్పిన 48 గంటల మాటకి చిన్న చేర్పు. అది కాగితానికి గడువు. పెద్ద సంఘటనలో ఫోను, సందేశం వెంటనే వెళ్లాలి, 48 గంటలు ఆగి చెప్పవచ్చని అర్థం కాదు. సైట్లో దీన్ని తప్పుగా చదివేవాళ్లని బట్టే ఈ మాట.

బెజవాడ గారూ, రేపు తెల్లవారుజామున రీడింగ్ తీసేటప్పుడు మీ కమిటీ మనిషి ఒకరు పక్కన నిలబడి అంకె, గంట రాసుకోండి. గొట్టం దగ్గర 900 కంటే పెరిగితే గేటు దగ్గర తవ్వకం అప్పుడే మొదలుపెట్టమనండి, తగ్గితే 24 గంటలకి మళ్లీ కొలవమనండి. తవ్వినప్పుడు మంగళవారం అతికిన జాయింటు నుంచి అటూ ఇటూ కనీసం తర్వాతి ఫిట్టింగ్ దాకా సబ్బునీళ్లు కొట్టి చూడమని చెప్పండి.